ఒక్కడే నేసిన ఇల్లు

తవిటయ్యగారు వేసవిలో ఇళ్లు నేసేవారు, వానాకాలంలో మాకు పాఠం చెప్పేవారు. ఈ రెండు పనులకూ ఆయన దృష్టిలో పెద్ద తేడా ఉన్నట్టు కనబడేది కాదు. వేగావతి ఒడ్డు ఊళ్లలో ఎవరికి తాటాకు ఇల్లు కప్పించుకోవాలన్నా ఆయన్నే పిలిచేవారు, మనసు బాగోలేకపోయినా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఏ ప్రశ్నకూ కూర్చున్నచోట జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చి తన పని తాను చూసుకునేవారు. ఆ పద్ధతి మీద నాకు చాలాకాలం కోపంగా ఉండేది. తత్వం తెలుసుకుందామని వెళ్లినవాడి చేత కొబ్బరితాడు పేనిస్తే ఎవరికి మాత్రం ఉండదు?

మృగశిర కార్తె రేపో మాపో అనగా ఒక పొద్దున జోగారావు చేతిసంచీతో వచ్చాడు. అతను పట్నంలో గోనెసంచుల మిల్లులో పదకొండేళ్లు గుమాస్తాగా పనిచేసి, ఆ రొదా ఆ పరుగూ పడలేక, పల్లెలో నిరాడంబరంగా బతకాలని నిశ్చయించుకున్నాడు. రెండేళ్ల కిందట భార్యనూ తల్లినీ కూతురినీ తీసుకుని సొంత ఊరికి వచ్చేశాడు. ఎకరం నేల, ఒక గేదె, తాటాకు ఇల్లు, అంతే. అలా బతకాలని మాలో చాలామందికి ఉండేది. ధైర్యం మటుకు అతనొక్కడికే ఉంది. అందుచేత అతన్ని పైకి మెచ్చుకునేవాళ్లం, లోపల కొంచెం కుళ్లుకునేవాళ్లం కూడా.

"గురువుగారూ, ఒక్క మాట అడుగుతాను," అన్నాడు జోగారావు. "మనసులు కలవని ఇంట్లో రోజూ నలిగిపోవడం కంటే, ఆ ఇల్లు వదిలేసి మీ దగ్గర ఒంటరిగా, సాదాగా బతకడం మేలు కాదా?"

తవిటయ్యగారు తాటాకుల్లోంచి పుచ్చినవి ఏరి పక్కన పడేస్తున్నారు. తల ఎత్తకుండానే ఏం జరిగిందని అడిగారు.

జరిగింది ఇది. పోయిన శ్రావణంలో జోగారావు ఇల్లు కారింది. పాప పక్క తడిసి, పిల్ల పది రోజులు జ్వరంతో పడుకుంది. ఈ వేసవి గాలులకు కప్పు సగం జారింది. భార్య దమయంతి ఇంటికి రేకులు వేయిద్దామంది. భర్త వద్దన్నాడు. ఆమె తన అన్నకు కబురు పెడితే అతను బండి మీద రేకులు పంపాడు. జోగారావు ఆ బండిని గుమ్మంలోంచే వెనక్కి తిప్పించాడు. అలాంటి బతుకు వద్దనుకునే కదా పట్నం వదిలింది అన్నాడు. ఆ రోజు నుంచి నలభై రోజులుగా ఆలుమగల మధ్య మాటల్లేవు. మొదట్లో కబుర్లన్నీ కూతురి ద్వారా నడిచేవి. పిల్ల సెలవులకు మేనమామ ఇంటికి వెళ్లాక ఆ బాధ్యత గేదె మీద పడింది. అన్నం ఉట్టిలో ఉందని ఆమె గేదెకు చెప్పేది, చేనుకు వెళ్తున్నానని అతనూ గేదెకే చెప్పేవాడు. ఇదంతా చెబుతున్నప్పుడు మాకు నవ్వొచ్చింది గానీ, జోగారావు ముఖం చూశాక ఎవరమూ నవ్వలేదు. మనిషి నిజంగానే విరిగిపోయి ఉన్నాడు.

"ఇంతకీ ఆ ఇల్లు ఎవరు నేసినారు?" అని అడిగారు తవిటయ్యగారు.

"నేనే. పోయినేడు. ఎవరి సాయమూ లేకుండా ఒక్కడినే నేశాను." అంత దిగుల్లోనూ ఆ మాట అన్నప్పుడు అతని గొంతు కాస్త నిలబడింది.

తవిటయ్యగారు చేతిలో ఆకు కింద పెట్టేశారు. "యాభై ఏళ్లయి నేస్తన్నాను. ఇల్లు ఒక్కడే నేసినోడిని ఇంతవరకు చూడలేదు. పద, చూద్దాం," అని లేచారు. నన్ను తాళ్ల చుట్ట ఎత్తుకోమన్నారు.

తెలియనివారి కోసం ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తాటాకు ఇల్లు నేయడానికి ఇద్దరు మనుషులుండాలి. ఒకరు కప్పు మీద కూర్చుని ఆకులు పరిచి, మూరెడు వెదురు సూదితో తాడును లోపలికి గుచ్చుతారు. రెండోవారు ఇంటి లోపల, అటక మీద నిలబడి, దిగిన తాడును వాసం చుట్టూ తిప్పి, సూదిని మళ్లీ పైకి పొడుస్తారు. అప్పుడు పైనున్నవారు బిగించి ముడి వేస్తారు. ఒకరికొకరు కనబడరు. మధ్యలో ఆకు ఉంటుంది. ఒకరు పలకడం, ఒకరు వినడం, అలాగే పని సాగాలి.

మేము వెళ్లేసరికి దమయంతి దొడ్లో తాటాకులు తిరగేస్తోంది. భర్త ఉన్నా వెళ్లిపోయినా వానలు పడేలోగా ఇల్లు కప్పి తీరాలని వారం రోజులుగా ఆకు కొట్టించి, బరువులు పెట్టి అణిచి, ఎండబెట్టి ఉంచింది. భర్త చేతిలోని సంచీని ఒకసారి చూసి గేదె వైపు తిరిగింది.

"పోయినోళ్లు అప్పుడే వొచ్చీసినారే," అంది దానితో.

తవిటయ్యగారు నిచ్చెన ఎక్కి నాలుగు చోట్ల ఆకు లేపి చూశారు. జోగారావు ఒక్కడే నేయడానికి కనిపెట్టిన ఉపాయం తేలిపోయింది. లోపల మనిషి లేడు కనుక తాడు వాసం దాకా వెళ్లలేదు. కొత్త ఆకునంతా పాత ఆకుకే కట్టుకుంటూ పోయాడు. పాత ఆకు కుళ్లగానే కొత్తది దాంతోపాటు జారింది. గురువుగారు కిందికి దిగి, "పైనుంచి చూస్తే చాలా అందంగా ఉంది," అని మాత్రం అన్నారు.

జారిన వైపు పాత ఆకంతా మధ్యాహ్నానికి పీకేశాం. అప్పటికి పడమర మబ్బు కూడుతోంది. ఇక నేత మొదలుపెట్టాలి.

"నా మోకాళ్లు ఇయ్యాల బాగులేవు," అన్నారు తవిటయ్యగారు. పొద్దుటినుంచి నాలుగుసార్లు నిచ్చెన ఎక్కి దిగిన మోకాళ్లే అవి. "పైకి నువ్వెక్కు తల్లీ. జోగారావు లోపలికెళ్తాడు."

జోగారావు తల్లి సూరమ్మ అరుగు మీంచి లేచింది. "ఆడకూతురు ఇంటి మీదికెక్కడమేటి బాబూ. ఊరోళ్లు ఏటనుకుంటారు?"

దమయంతి కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. "కారినప్పుడు ఊరోళ్లు వొచ్చి గిన్నెలెట్టినారా అత్తా?" అని నిచ్చెన ఎక్కింది. మళ్లీ దిగేదాకా ఆ ముఖంలో పట్టుదల సడలలేదు.

నేను ఆకులు అందిస్తున్నాను. ఆమె మొదటి వరస పరిచి సూది గుచ్చింది. లోపల జోగారావు ఉన్నాడు, తాడు అందుకున్నాడు, కానీ నోరు మెదపలేదు. నలభై రోజుల మౌనం ఒక తాడు ముక్క కోసం విడవడం అతనికి చిన్నతనం అనిపించి ఉంటుంది. అందింది అనలేదు, తిప్పాను అనలేదు. ఆమె లాగితే వాసానికి పడాల్సిన తాడు ఊరికే ఊడి పైకి వచ్చేసింది. రెండోసారీ అంతే. మూడోసారి సూది ఎక్కడ పొడవాలో తెలియక ఆమె అంచనాగా పొడిస్తే అది అతని అరచేతిలో దిగింది. అప్పుడు కూడా బుస్సుమన్నాడే గానీ మాట రాలేదు.

"బాబూ, లోపల మనిషున్నాడో లేడో కనుక్కోండి," అంది దమయంతి గురువుగారితో.

"నాకేటి తెలుసు తల్లీ, నానూ బయటే ఉన్నాను. నువ్వే అడుగు."

ఆమె కాసేపు మబ్బును చూసింది. "నాను అడగను. దిగను కూడా. పలికినా పలక్కపోయినా ఈ ఇల్లు నేసే దిగుతాను," అని మళ్లీ సూది గుచ్చింది. మళ్లీ తాడు ఊడింది. మళ్లీ గుచ్చింది. అలా ఎన్నిసార్లో నేను లెక్క పెట్టలేదు. ఆమె వేళ్లు ఒరుసుకుపోయి నెత్తురు కనబడుతోంది. తవిటయ్యగారు నీడన కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. ఆయన మీద నాకు పాత కోపం తిరిగి రాబోతుండగా లోపలినుంచి ఒక గొంతు వినిపించింది.

"కొంచెం కుడికి."

దమయంతి చెయ్యి ఆగింది. "ఎవరి కుడికి?"

"నీ కుడికే."

ఆమె జరిగి గుచ్చింది. "అందింది," అన్నాడు లోపలినుంచి. కాసేపటికి, "తిప్పాను, లాగు," అన్నాడు. ఆమె లాగితే తాడు బిగుసుకుంది. ఆ తరవాత పని నడిచింది. ఒక వరస మీద ఇంకో వరస చూరు నుంచి ఇంటి నడికొప్పు వైపు ఎక్కుతోంది. ఆ ఇద్దరి మధ్యా గుచ్చు, అందింది, లాగు తప్ప వేరే మాట లేదు. అయినా అరుగు మీద సూరమ్మ కళ్లు ఒత్తుకుంటోంది.

"ఇక్కడ వెలుతురు పడుతోంది," అన్నాడు జోగారావు ఒకచోట. "మూడో వాసం పక్కన. ఇంకో ఆకు వెయ్యి."

"తెలుసు. దాని కిందే పాప పక్క. పోయిన శ్రావణంలో ఇత్తడి గిన్నె ఎట్టింది అక్కడే."

"ఇటు గోడ వారన కూడా..."

"అక్కడ కుండెట్టినాను. నీ పుస్తకాల పెట్టి మీద బానెట్టినాను. చీకట్లో కూడా ఎక్కడ కారేదో చెప్పగలను." ఆమె సూదిని మోకాలి మీద పెట్టుకుంది. "పోయినేడు నాలుగుసార్లు చెప్పినాను నీకు. లోపల నానుంటాను, నువ్వు పైనుండి నెయ్యి అన్నాను. నా మాట నీ చెవికెక్కలేదు."

నేను ఆకు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"విన్నాను," అన్నాడు జోగారావు. "విని ఊరుకున్నాను. ఒక్కడినే నేశానని చెప్పుకోవాలనిపించింది."

దమయంతికి ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. మణికట్టుతో ముఖం తుడుచుకుని సూది తీసింది. "ఈ ఏడు ఆకే. మళ్లీ పాప పక్క తడిసిందంటే రేకులే. అప్పుడు బండి తిప్పించినావంటే ఊరుకోను."

"తిప్పించను. ఎక్కడ కారుతోందో నువ్వు చెప్పు, ఏం వెయ్యాలో ఇద్దరం చూద్దాం. గుచ్చు."

ఇంకో వరస పూర్తయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. నేను ఆకుల కోసం దొడ్లోకి వెళ్లి వచ్చేలోగా జోగారావు బయటికి వచ్చి గురువుగారి ముందు నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా మసి, అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మసి పడిందన్నాడు, మేము నమ్మినట్టే ఉన్నాం.

"గురువుగారూ, పొద్దున నేనడిగినదానికి మీరేమీ చెప్పలేదు," అన్నాడు.

కప్పు మీద దమయంతి తడుస్తూ, పరిచిన ఆకు ఎగిరిపోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉంది. తవిటయ్యగారు అటు చూశారు.

"ఇంకా రెండు వరసలున్నాయి," అన్నారు. "లోపలికెళ్లు."