బల్లికి ఏకాదశి

కేదారయ్య పెంచుకుంటున్న బల్లి అన్నం ముట్టడం లేదు.

ముందు పెరుగన్నం పెట్టాడు. పులిసిందేమోనని పాలన్నం కలిపి పెట్టాడు. అరటిపండు చిదిమి పెట్టాడు. చివరికి రవ్వలడ్డు పొడి చేసి, చుక్క నెయ్యి తగిలించి, ఆకు ముక్క మీద దాని మూతి ముందు ఉంచాడు. బల్లి ఆ లడ్డు మీంచే నడిచి అవతలి మూలకు పోయి, అటు తిరిగి కూర్చుంది. పెళ్లిలో అలిగిన మేనమామ కూడా అంత బిగుసుకుని కూర్చోడు.

"నీకేం తక్కువ చేశానే తల్లీ?" అని అడిగాడు కేదారయ్య.

బల్లి బదులివ్వలేదు. అతని అసలు బాధ అదే. ఆ బల్లి ఒకప్పుడు బదులిచ్చేది.

నల్లమల కొండల అడుగున, నాలుగు పల్లెలకు దగ్గరగా ఉన్న చిన్న ఆశ్రమం అది. పెద్దదిక్కు పరదేశి స్వామి. ఆయన జీవితంలో సగం మాట్లాడకుండానే గడిపాడు. వయసు మీదపడ్డాక మిగతా సగంలోనూ మాటలు తగ్గించాడు. పగలంతా గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అదేదో గొప్ప ధ్యానమని, చూడవచ్చినవాళ్లు దూరం నుంచే దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. దీపాలవేళ ప్రసంగం చెప్పే పని శిష్యుడు కేదారయ్య మీద పడింది. కేదారయ్య చదువుకున్నవాడు, మంచి గొంతున్నవాడు. ఆ రెండూ తనకున్నాయని తెలిసినవాడు కూడా.

ఒకనాటి ప్రసంగంలో అతను జీవహింస గురించి చెబుతున్నాడు. "చీమకైనా హాని తలపెట్టనివాడే జ్ఞాని" అన్నాడో లేదో, వెనక గోడ మీంచి బల్లి కిచకిచమంది. ముందు వరసలో కూర్చున్న ఓబుళమ్మ నేల మీద వేలితో టకటక కొట్టి, "బల్లి పలికె! సత్తెం!" అంది. ఏ మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమని ఆ పల్లెల్లో అందరికీ నమ్మకం. కూర్చున్నవాళ్లంతా నేల మీద వేళ్లు కొట్టారు. కేదారయ్యకు ఒళ్లు పులకరించింది.

మర్నాడూ పలికింది. తర్వాతా పలుకుతూనే వచ్చింది. కేదారయ్య సామి చెబుతుంటే బల్లి సాక్ష్యం పలుకుతుందని పల్లెపల్లెకూ పాకిపోయింది. సావిడి చాలక జనం అరుగు మీద కూడా కూర్చోవడం మొదలుపెట్టారు. కేదారయ్య కూడా ఒక విద్య నేర్చుకున్నాడు. ముఖ్యమైన మాట అన్నాక కాసేపు ఆగేవాడు. ఆ మాటను తాము నెమరేసుకోవడానికని జనం అనుకున్నారు. బల్లికి సందివ్వడానికని అతనికి తెలుసు.

అలాంటి బల్లి ఓరోజు పిల్లి పాలబడింది. తోక పోయి ప్రాణం దక్కింది. కేదారయ్య దాన్ని ఉత్తరీయంలో పట్టి తెచ్చి, సావిడి పక్కనే ఉన్న తన గదిలో గోడగూట్లో పెట్టి, ముందు జల్లెడ అడ్డం కట్టాడు. ఇక దానికి ఏ భయమూ లేదనుకున్నాడు.

తిండి దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చి పడింది. ఆశ్రమంలో ఏ ప్రాణినీ చంపకూడదు. తేలు కనబడినా చేటలోకి ఎత్తి కంచె అవతల వదలాల్సిందే. అలాంటిచోట పురుగులు పట్టి ఎలా పెడతాడు? పైగా, అహింసకు సాక్ష్యం పలికిన బల్లి తానే హింస చేసి కడుపు నింపుకుంటే చూసేవాళ్లకు ఏం బాగుంటుంది? బాగా ఆలోచించి దానికి ఆశ్రమవాసుల నియమమే పెట్టాడు. పగలు ఒకపూట సాత్వికాహారం. పొద్దుగూకాక ఏమీ లేదు. ఏకాదశికి కటిక ఉపవాసం, మర్నాడు పారణకు తులసినీళ్లు.

నవ్వకండి. పాపం, మనసు పెట్టే చేశాడు. తను తినే ముద్దలో మంచిభాగం తీసి దానికి పెట్టాడు.

బల్లి మాత్రం రోజురోజుకూ చిక్కిపోయింది. తుంటి ఎముకలు పైకి తేలాయి. మొండితోక ఎండుమిరపకాయలా ముడుచుకుపోయింది. ముందుకాళ్లు వంకరతిరిగి, గోడ ఎక్కబోయి జారి పడేది. పలకడం సంగతి దేవుడెరుగు, నోరు తెరవడమే మానేసింది.

సావిట్లోనూ గుసగుసలు మొదలయ్యాయి. "సామీ, బల్లి పలకడంల్యా ఈమధ్య" అని ఓబుళమ్మ మొహమాటం లేకుండా అడిగేసింది. మాటలో సత్తెం తగ్గిందేమోనని వెనక వరసలో ఎవరో అన్నారు. కేదారయ్యకు తాను చెప్పేది నిజమో కాదో తనకే అనుమానం పట్టుకుంది. మునుపు చెప్పిన మాటలే చెబుతున్నాడు కదా, అవి ఇప్పుడెందుకు అబద్ధమవుతాయి?

ఆఖరికి గురువు దగ్గరికి వెళ్లాడు.

"స్వామీ, బల్లి ఏమీ తినడం లేదు."

పరదేశి స్వామి గోడ మీంచి చూపు మరల్చలేదు. "ఇవాళ ఏం పెట్టావు?"

"ఇవాళ ఏకాదశి కదా స్వామీ. ఏమీ పెట్టలేదు."

అప్పుడు తిరిగి చూశాడాయన. నవ్వలేదు, కసురుకోలేదు.

"వ్రతం నీది నాయనా. ఆకలి దానిది."

అంతే, మళ్లీ గోడవైపు తిరిగిపోయాడు.

కేదారయ్య బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఇప్పుడేం చేయాలి? వ్రతం తను ఒక్కడే ఉండి బల్లికి పెట్టమనా? పెడితే అది తిననే తినదే. తినేది పెట్టమంటే తన నియమం ఏం కాను? ఎటు తిప్పి చూసినా గురువు మాట తేటగానే ఉంది. దాన్ని పట్టుకుని ఎటు నడవాలో మాత్రం అంతుబట్టలేదు.

మర్నాడు పొద్దున సావిడి ఊడుస్తుంటే, లాంతరు వేలాడే చోట నేల మీద రాలిన ఉసుళ్లు కనబడ్డాయి. తొలకరి పడింది కదా, పుట్టల్లోంచి లేచి దీపానికి వచ్చి చచ్చాయి. కేదారయ్య ముఖం వికసించింది. ఇవి వాటంతట అవే పోయినవి. తనకు పాపం లేదు, బల్లికి పస్తు లేదు. ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్లూ తట్టలేదేమా అనుకుంటూ, దోసెడు ఏరి తెచ్చి గూట్లో పోశాడు.

బల్లి వాటిని కన్నెత్తి చూడలేదు. కదలని పురుగూ గులకరాయీ దానికి ఒకటే.

అంతకుముందు పెట్టిన లడ్డుపొడికి మాత్రం చుట్టాలొచ్చారు. బారులు తీరిన చీమలు. కేదారయ్యకు మళ్లీ ఆశ పుట్టింది. ఇవి బతికే ఉన్నాయి, కదులుతున్నాయి, పైగా తను పట్టి తేలేదు. లడ్డు రుచి మరిగి, వాటి కర్మకొద్దీ అవే వచ్చాయి. ఇక తినక ఏం చేస్తుందనుకుని జల్లెడ బిగించి, సాయంత్రం చెప్పవలసిన శ్లోకాలు చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

దీపాలవేళకు వచ్చి చూసేసరికి బల్లి చీమల్ని తినడం లేదు. చీమలే బల్లిని పట్టాయి. మొండితోక చుట్టూ, కళ్ల అంచున, వేళ్ల సందుల్లో, ఎక్కడ చూసినా చీమలే. విదిలించుకునే ఓపిక కూడా దానికి లేదు.

కేదారయ్య జల్లెడ పీకి అవతల పారేసి, బల్లిని అరచేతిలోకి తీసుకున్నాడు. చీమల్ని ఊదాడు. ఊదితే పోనివాటిని గోటితో తీశాడు. తీస్తుంటే కొన్ని నలిగి చచ్చాయి. చూశాడు, అయినా చెయ్యి ఆపలేదు. అరచేతిలో దానికి బరువే లేదు. గొంతు కింద పల్చటి చర్మం మాత్రం గబగబా కొట్టుకుంటోంది. ఇది పలికినా సరే, పలకకపోయినా సరే, బతికితే చాలనిపించింది. ఏడుపొచ్చింది.

అలాగే సావిట్లోకి పరుగెత్తాడు. జనం ప్రసంగం కోసం కూర్చుని ఉన్నారు. పరదేశి స్వామి వెనక స్తంభానికి ఆనుకుని ఉన్నాడు.

"స్వామీ, చచ్చిపోయేట్టుంది" అన్నాడు కేదారయ్య, అందరి ముందే.

గురువు లేచాడు. కేదారయ్య కూర్చునే పీట వెనక, గోడకున్న లాంతరు తీసుకుని బయటికి నడిచాడు. సావిడంతా చీకటైపోయింది.

"అయ్యో సామీ, దీపం ఎత్తకపోతివే!" అంది ఓబుళమ్మ.

ఆయన అరుగు దిగిపోయాడు. కేదారయ్య బల్లిని చేతిలో పెట్టుకుని వెంట వెళ్లాడు. ప్రసంగం ఇవాళ బయటేమోననుకుని జనం కూడా తడుముకుంటూ కదిలారు.

స్వామి గొడ్లపాకలోకి వెళ్లి, సున్నం కొట్టిన గోడ పక్కన గుంజకు లాంతరు తగిలించాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందరూ నిలబడ్డారు కాబట్టి అందరూ నిలబడ్డారు. కాసేపటికి దోమలొచ్చాయి. ఉసుళ్లొచ్చాయి. వేలిగోరంత పచ్చమిడత ఒకటి వచ్చి గోడ మీద వాలింది. వాటి వెనక, చూరులోంచి బల్లులు ఒక్కొక్కటిగా దిగి వెలుగు అంచున కాచుకున్నాయి. ఒకటి చటుక్కున మిడతను అందుకుంది.

వెలుగుకు చిరాకుపడి ఆవు తల విదిలించి, అంబా అంది. వెంటనే గోడ మీంచి ఒక బల్లి కిచకిచమంది.

ఓబుళమ్మ వేలు అలవాటుగా గుంజ మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. ఆవు వైపు చూసింది, కేదారయ్య వైపు చూసింది.

"ఆవు ఏమనె సామీ?" అని అడిగింది, నిజంగానే తెలియక.

"నాకూ తెలియదమ్మా" అన్నాడు పరదేశి స్వామి.

కేదారయ్య చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ తన వెనక గోడకు వేలాడింది ఈ లాంతరే. చీమకైనా హాని చేయవద్దని తను గొంతెత్తి చెప్పినప్పుడల్లా, వీపు వెనక జరుగుతూ వచ్చింది ఈ వేటే. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కానీ అరచేతిలో ఇంకో చావు కాచుకుని ఉంది. సిగ్గుపడడానికి తీరిక లేదు.

"గోడ మీద పెట్టు దాన్ని" అన్నాడు గురువు.

కేదారయ్య పెట్టాడు. పడిపోకుండా కింద చెయ్యి ఆనించాడు. స్వామి కుడితితొట్టి పక్కనున్న మంచినీళ్ల కుండలో వేళ్లు ముంచి, దాని ముందు గోడ మీద చిలకరించాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నటి నాలుక బయటికొచ్చి ఒక చుక్కను నాకింది. ఇంకోటి నాకింది.

"గిన్నెలో పెడితే తాగదు. తడిగోడ నాకుతుంది" అన్నాడు స్వామి. "గుడ్లు పెట్టేముందు సున్నం గీరుకుని తినడం కూడా చూశాను."

"ఎక్కడ చూశారు స్వామీ?"

"గోడ చూస్తూనే కదా కూర్చుంటాను."

ఆయన ధ్యానానికి దండాలు పెట్టి వెళ్లినవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"మరి తిండి?"

"దోమ తింటుంది. ఉసులు తింటుంది. పిల్లమిడత దొరికితే అదీ తింటుంది. తన తలకన్నా పెద్దదాని జోలికి పోదు. ఒకే రకం రోజూ తినగా నేను చూడలేదు. కడుపు నిండితే ముక్కు ముందు పురుగు పాకినా ఊరుకుంటుంది."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా కేదారయ్య వినలేదు. ఇదంతా వేదాంతమా, బల్లి సంగతా అని వెనక ఒకాయన పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు తెలియదన్నాడు.

పురుగులన్నీ గుంజ దగ్గరే ముసిరాయి. అక్కడ ఆరోగ్యంగా ఉన్న బల్లులు అందినదాన్ని అందినట్టే మింగుతున్నాయి. కేదారయ్య బల్లి మెడ ఎత్తి చూసింది. ఒక అడుగు వేసింది. వంకరకాలు జారింది. అక్కడిదాకా పోలేదది.

స్వామి గుంజ మీంచి లాంతరు తీసి కేదారయ్య చేతికిచ్చాడు.

"దగ్గరగా పట్టు."

కేదారయ్య లాంతరు అందుకున్నాడు కానీ ఎత్తలేదు. ఎత్తితే పురుగులు బల్లి నోటి ముందుకే వస్తాయి. తెచ్చింది తన చెయ్యే అవుతుంది. ఇన్నాళ్లూ తన మాట విన్నవాళ్లంతా ఎదురుగా నిలబడి చూస్తున్నారు. ఏం చెబుతాడు వాళ్లకు రేపు? గురువు ముఖంలోకి చూశాడు. అక్కడ అవుననీ లేదు, కాదనీ లేదు. బల్లి కళ్లు మూతపడుతున్నాయి.

లాంతరు ఎత్తాడు.

ముందు ఒక దోమ వాలింది. బల్లి మూతి చాపింది, అందలేదు. దోమ ఎగిరిపోయింది. తర్వాత ఒక ఉసులు వచ్చి గోడకు కొట్టుకుని, రెక్కలీడ్చుకుంటూ దాని ముఖం ముందుకే పాకింది. బల్లి తల ఇటు తిరిగింది. కదలలేదు, కదలలేదు. చటుక్కున పట్టింది. నోటికి రెండువైపులా రెక్కలు బయటికి కనబడుతున్నాయి. గుటకలు వేసింది. ఇంకో ఉసులు వచ్చింది. అదీ పోయింది.

కేదారయ్య కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అవి సంతోషానివో మరి దేనివో అతనికే తెలియలేదు.

"స్వామీ, ఈ పాపం ఎవరిది?" అన్నాడు. "దానిదా? నాదా? లాంతరు నా చేతికిచ్చిన మీదా?"

గురువు అతని మోచేతి వైపు చూశాడు. లాంతరు మెల్లగా కిందికి దిగుతోంది.

"చెయ్యి నొప్పి పుడుతోందా?"

"పుడుతోంది స్వామీ."

"దించకు. అదింకా తింటోంది."