వార్నిష్ కింద బుడగలు

ప్రశ్న అడిగినవాడికి సత్యలింగం మాస్టారు జవాబు చెప్పడం తక్కువ. పని చెప్పేవారు. పని పూర్తయ్యేసరికి జవాబు దానంతటదే దొరికేది. భీమిలిలో, డచ్చివాళ్ళ పాత సమాధులకు కూతవేటు దూరంలో, రేకుల కప్పు వేసిన ఒక పొడుగాటి గదిలో ఆయన రాగి పలక మీద బొమ్మ గీసి అచ్చు తీసే విద్య నేర్పేవారు. రాగికి మైనం పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తే, గీసినచోట పూత లేచి రాగి బయటపడుతుంది. పలకను యాసిడ్‌లో ముంచితే, బయటపడిన రాగినే యాసిడ్ తింటుంది. తిన్నచోట సిరా నింపి ప్రెస్సులో నొక్కితే కాగితం మీద బొమ్మ దిగుతుంది. వినడానికి ఇంతే. చేతికి రావడానికి ఏడేళ్ళు పడుతుందని మాస్టారు అనేవారు.

భానోజీకి ఆ ఏడేళ్ళూ నిండాయి. ముప్పై రెండేళ్ళ సంసారి. చెయ్యి ఎంత కుదిరిందంటే, కన్ను చూసినదాన్ని అది అడగకుండానే గీసేసేది. మాస్టారికి చూపు మందగిస్తూ ఉండడంతో, వచ్చే ఆదివారం పనిశాల తాళాలు భానోజీ చేతిలో పెడుతున్నానని అందరి ముందూ చెప్పారు. అందరూ సంతోషించారు. ఆ మాట విన్నప్పటి నుంచి భానోజీకి మాత్రం అన్నం సయించడం లేదు.

పనిశాల గోడకు ఒక పాత పుస్తకంలోంచి తీసిన బొమ్మలు వరసగా అతికించి ఉండేవి. అన్నీ రెంబ్రాంట్ అనే డచ్చి చిత్రకారుడు రాగి మీద గీసుకున్న తన ముఖాలే. పిండిమర వాడి కొడుకు, పెద్దవాడై పేరు తెచ్చుకున్నాడు, పెళ్ళాన్నీ పిల్లల్నీ పోగొట్టుకున్నాడు, చివరికి ఉన్న ఇల్లూ వేలంలో పోయింది. అయినా అద్దం ముందు కూర్చుని తన ముఖం గీసుకోవడం మానలేదు. ఆ వరసలో అగ్గిపెట్టెంత బొమ్మ ఒకటుంది. ఇరవై నాలుగేళ్ళప్పుడు గీసుకున్నది. కళ్ళు ఇంతలేసి చేసుకుని, నోరు తెరిచి, ఎవరో వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడి తిరిగినట్టు ఉంటుంది.

గురువారం పొద్దున భానోజీ దాని ముందు నిలబడి అడిగాడు.

"ఈయన దేన్ని చూసి అంత భయపడ్డాడు మాస్టారూ? అప్పటికింకా ఏ కష్టమూ రాలేదు కదా."

మాస్టారు బీరువాలోంచి అగ్గిపెట్టెంత రాగి పలక, గూట్లోంచి అద్దం తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వూ అలాంటిది గియ్యి. నీ ముఖమే. భయపడ్డ ముఖం."

"నాకేం భయం మాస్టారూ?" అని నవ్వబోయాడు భానోజీ.

"లేకపోతే నటించు. ఆయనా నటించాడేమో, ఎవరికి తెలుసు?"

భానోజీ కూర్చున్నాడు. అద్దంలోకి చూసి కళ్ళు పెద్దవి చేశాడు. నోరు తెరిచాడు. కనుబొమలు పైకి లేచాయి. వాటితో పాటు నుదుటి మీదికి దువ్వుకున్న జుట్టు పక్కకు తొలగి, కుడి కనుబొమ పైన పప్పుబద్దంత మచ్చ బయటపడింది. చెయ్యి నేర్చిన విద్య ప్రకారం కళ్ళు గీసింది, నోరు గీసింది, మచ్చనూ గీసింది. గీశాక గాని అతనికి తెలియలేదు.

ఆ మచ్చ సంగతి చెప్పాలి. యాసిడ్‌ను నీళ్ళలో పొయ్యాలి గాని నీళ్ళను యాసిడ్‌లో పొయ్యకూడదు. పనిశాలలో అడుగుపెట్టిన రోజునే నేర్పే మొదటి పాఠం అది. ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం, తొందరలో, భానోజీ కుండతో నీళ్ళు తెచ్చి చిక్కటి యాసిడ్ ఉన్న ట్రేలో పోశాడు. అది భగ్గుమని చిమ్మింది. ట్రే పట్టుకుని నిలబడ్డ పనివాడు ఎర్రయ్యకు ఎడమ కన్ను పోయింది. భానోజీ నుదుటి మీద ఒక్క చుక్క పడింది; జుట్టు ముందుకు దువ్వి దాన్ని కప్పేసుకున్నాడు. మాస్టారు వచ్చేసరికి భానోజీ వరండాలో ఉన్నాడు. "నేనిక్కడే ఉన్నాను మాస్టారూ, ఎర్రయ్యే పోసుకున్నాడు" అన్నాడు. కన్ను గుడ్డతో అదుముకుని ఎర్రయ్య ఏడ్చాడు. "నీలు నాను పొయ్యనేదు మేస్టారూ. నా బిడ్డల మీదొట్టు." మాస్టారు శిష్యుడి మాట నమ్మారు. ఎర్రయ్య ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక, మొదటి పాఠం మరిచినవాడికి ఇక్కడ పని లేదన్నారు. ఒంటికన్ను వాడికి ఊళ్ళో ఇంకెవరూ పని ఇవ్వలేదు.

భానోజీ తల తిప్పి చూశాడు. మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. గీసిన గీతను మూసెయ్యాలంటే దారి ఒకటే. పైన వార్నిష్ పూస్తే యాసిడ్ అక్కడికి వెళ్ళదు. చెమటపట్టిన చేత్తోనే మచ్చ గీతల మీద కుంచెతో వార్నిష్ అద్దాడు. అది గట్టిపడడానికి గంట పడుతుంది.

"అయిందా?" అన్నారు మాస్టారు.

"అయింది మాస్టారూ."

"అయితే ముంచు."

పలక యాసిడ్‌లోకి దిగింది. గీతల వెంట సన్నటి బుడగలు లేచాయి. కళ్ళ నుంచి లేచాయి, నోటి నుంచి లేచాయి. మాస్టారు కుర్చీ లాక్కుని ట్రే పక్కనే కూర్చున్నారు, కోడి ఈక ఒకటి చేత పట్టుకుని బుడగల్ని మెల్లగా తుడుస్తూ. భానోజీ కనుబొమ పైభాగాన్నే చూస్తున్నాడు. అక్కడ నల్లగా, ప్రశాంతంగా ఉంది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. దాని అంచున ఒక బుడగ లేచింది. తర్వాత ఇంకొకటి. ఆ పైన గుంపుగా, ఉడికే గంజిలోలాగ లేచాయి. పచ్చి వార్నిష్ కిందికి యాసిడ్ దూరింది. గీసిన గీతలకు పరిమితం కాకుండా, అడ్డం నిలువూ చూడకుండా తింటోంది.

"తీసేద్దాం మాస్టారూ, చాలు."

"అప్పుడేనా? ఇంకో అయిదు నిమిషాలు ఉండనీ."

"ఎక్కువ తినేస్తుంది మాస్టారూ."

"ఎక్కడ?"

ఎక్కడని చెబుతాడు? చెబితే వేలు పెట్టి చూపించాలి. ఆ అయిదు నిమిషాలూ అతను ట్రే అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది నెలల కిందట ఎర్రయ్య నిలబడ్డ చోటు అదే. మాస్టారు ఈకతో ఒకే చోట, ఆ కనుబొమ పైనే, మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నారు.

అచ్చు మాస్టారే తీశారు. తడి కాగితాన్ని పలక మీద నుంచి ఒక మూల పట్టి ఎత్తి బల్ల మీద వెల్లకిలా పరిచారు. అద్దంలో మనిషి తిరగబడి కనిపిస్తాడు. అద్దంలో చూసి గీసింది కాగితం మీద మళ్ళీ తిరగబడుతుంది. అంటే అందులో వచ్చేది మనం రోజూ చూసుకునే ముఖం కాదు, మనల్ని ఎదుటివాళ్ళు చూసే ముఖం. భానోజీ ఆ ముఖాన్ని చూడడం అదే మొదటిసారి. కళ్ళు ఇంతలేసి ఉన్నాయి. నటన లేదు. కుడి కనుబొమ పైన మచ్చ కాదు, గోళీ అంత గరుకు నలుపు.

"వార్నిష్ ఆరలేదు మాస్టారూ, అందుకని..."

"తెలుసు," అన్నారు మాస్టారు. "మొన్న ఒడ్డున గాలికి నీ జుట్టు లేచింది. మందగించిన ఈ చూపుకీ ఆ మచ్చ కనబడింది."

భానోజీ బల్ల అంచున కూలబడ్డాడు.

"నీళ్ళు నేనే పోశాను మాస్టారూ."

మాస్టారు అతన్ని తిట్టలేదు. ఓదార్చనూ లేదు. కండువా భుజాన వేసుకుని, చెప్పుల కోసం వెతుక్కున్నారు. "లే. ఎర్రయ్య ఇంటికి వెళదాం."

"వాడి కొడుకులు నన్ను బతకనివ్వరు మాస్టారూ. ఊళ్ళో తలెత్తుకోలేను. నా పెళ్ళానికి ఏం చెప్పను?"

"వాడు బిడ్డల మీద ఒట్టు పెట్టాడు. నేను నీ మాట విన్నాను. నేనూ చెప్పుకోవలసినవాణ్ణే. ముందు నేను నడుస్తాను."

భానోజీ లేచాడు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"మడవకు. సిరా తడి ఆరలేదు. రెండు అరచేతుల మీదా పట్టుకో."

వీధి నిండా జనం. ఎర్రయ్య ఇల్లు చేపల బజారు దాటాక ఎక్కడో చివర. భానోజీ పనిశాల గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చేతుల మీద అతని ముఖం ఆకాశానికేసి నోరు తెరుచుకుని ఉంది.

"ఇలాగా మాస్టారూ? అందరూ చూసేలాగా?"

మాస్టారు వెనక్కి తిరిగి, గోడ మీది అగ్గిపెట్టెంత బొమ్మను చూశారు.

"ఆయన దేనికి భయపడ్డాడో నాకు తెలియదు, భానోజీ. అచ్చు తీసి మాత్రం నలుగురి చేతికీ ఇచ్చాడు."