మిగతా చిలక

ప్రశ్న అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని అప్పజెప్పడం పరంజ్యోతిగారి అలవాటు. మోక్షం గురించి అడిగిన కాంట్రాక్టరు చేత చిక్కుడుపాదుకు పందిరి వేయించారు. దేవుడున్నాడా అని నిలదీసిన లాయరు ముందు పెసలు పోసిన చేట పెట్టి, రాళ్లు ఏరమన్నారు. వాళ్లకు జవాబు దొరికిందో లేదో ఎవరికీ తెలియదు గానీ, ఇద్దరూ మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నారు. గౌతమి ఒడ్డున, రేవుకు దగ్గరలో ఆయనదొక పెంకుటిల్లు. దాన్ని ఎవరైనా ఆశ్రమం అంటే నవ్వి ఊరుకునేవారు.

అక్కడికి వచ్చేవాళ్లలో వకుళ ఒకతె. పట్నంలో ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరు. భర్త పోయిన తరువాత ఆయన తల్లి సీతారావమ్మ ఆమె దగ్గరే ఉండిపోయింది. ఆవిడకు వేరే దిక్కు లేదు. కొడుకు శవం ఇంకా ఇంట్లో ఉండగానే, వచ్చిన జనమందరి ముందూ, "నువ్వు సరిగ్గా కనిపెట్టుకుని ఉంటే నా బిడ్డ దక్కేవాడు" అన్న మనిషి ఆవిడ. ఆ మాట ఆవిడ మళ్లీ ఎన్నడూ అనలేదు. వకుళ మరిచిపోనూ లేదు.

ఉగాది దగ్గరపడుతున్న రోజుల్లో ఒక ఉదయం వకుళ వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, అరుగు మీద ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూనే అడిగింది.

"గురువుగారూ, మా అత్తగారికి వేళకు అన్నం పెడతాను. మందులిస్తాను. స్నానానికి వేణ్ణీళ్లు తోడతాను. ఏ లోటూ రానివ్వను. కానీ ఆవిడంటే నాకు ఇష్టం లేదు. ఇష్టం లేకుండా చేసేదంతా నటనే కదండీ? ఈ అబద్ధంలో ఎన్నాళ్లు బతకమంటారు?"

పరంజ్యోతిగారు ఆమె ఆగుతుందేమోనని చూశారు. ఆమె ఆగలేదు. "అటక మీద ఒక కాగితాల కట్ట ఉంది, దించమ్మా," అన్నారు.

ఫ్యాన్సీ షాపు మూసేసిన భక్తుడొకాయన తెచ్చి పడేసిన బహుమతుల ప్యాకింగు కాగితాలవి. ఏటా ఉగాదికి ముందు, పెద్దాసుపత్రిలో ఎముకలు విరిగి పడుకున్న ఆడవాళ్ల వార్డుకు ఆ ఇంటినుంచి చేత్తో చేసిన గ్రీటింగు కార్డులు వెళ్తాయి. ఈసారి వాటిని వకుళ చెయ్యాలి.

కట్ట విప్పగానే ఆమెకు కళ్లు మూసుకోవాలనిపించింది. గులాబీరంగు మీద పచ్చ చిలకలు. వంకాయరంగు గళ్ల మీద బంగారు చుక్కలు. మెరుపు పొడి రాలుతున్న నారింజరంగు మీద నీలం గుండె బొమ్మలు. ఇద్దరు పక్కపక్కన నిలబడి అరుచుకుంటున్నట్టున్నాయి ఆ రంగులు.

"వీటితోనా?" అంది.

"అవే ఉన్నాయి."

"నేను మంచి కాగితాలు తెచ్చుకుంటానండీ."

"అవే ఉన్నాయమ్మా," అన్నారాయన మళ్లీ, అంతే నెమ్మదిగా.

వకుళ రోజూ బడి అయ్యాక వచ్చి అరుగు మీద కూర్చునేది. ఒకచోట కుదురుగా కూర్చోగలిగితే కదా! కత్తెర పట్టుకునేది, దించేది. మంచినీళ్లకని లేచేది. రేవు దాకా వెళ్లి పడవ వస్తోందా అని చూసేది, తను ఎక్కే పడవేమీ కాకపోయినా. తిరిగొచ్చేసరికి చిలకలు అక్కడే ఉండేవి. చివరికి ఒక ఉపాయం దొరికింది. కాగితాన్ని తిరగేసి, తెల్లటి వెనకవైపు పైకి కనిపించేలా అట్టకు అంటించడం. రంగున్న వైపునుంచి సన్నటి పీలిక ఒకటి మాత్రం కత్తిరించి ఒక అంచున అతికించడం. మిగతాదంతా పొయ్యి రాజేసుకోవడానికి ఉంచిన చిత్తుకాగితాల బుట్టలోకి. అలా తయారైన కార్డులు తెల్లగా, పొందికగా, ఏ ప్రదర్శనలో పెట్టినా తల దించుకోనక్కర్లేనట్టు వచ్చాయి. ఆ కాగితాల మీద తనే గెలిచిందనుకుంది.

పరంజ్యోతిగారు ఒక్కొక్కటీ తిప్పి చూసి, "శుభ్రంగా ఉన్నాయి," అన్నారు. ఆ మాట ఎందుకో ఆమెకు రుచించలేదు. బాగున్నాయి అని ఉండొచ్చు కదా అనుకుంది.

ఆదివారం పొద్దున ఆమె ఒక్కతే కార్డులు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. పొడుగాటి వార్డు. మంచాల మీద ఆడవాళ్లు వెల్లకిలా పడుకుని ఉన్నారు, కాళ్లకు బరువులు వేలాడుతూ. వకుళ గబగబా ఒక్కో మంచం దగ్గరా ఆగి, తలకు పైన అడ్డంగా ఉన్న ఇనుపకడ్డీకి దారంతో కార్డు కట్టి, "ఉగాది శుభాకాంక్షలండీ" అని ముందుకు కదులుతోంది. త్వరగా అయిపోతే చాలనిపించింది.

కిటికీ పక్క మంచం మీద నూకరత్నం అనే ఆవిడ ఉంది. చేపల రేవులో జారిపడి తుంటి విరిగిందట. పక్కకు ఒత్తిగిలడానికి లేదు. తలమీద ఊగుతున్న కార్డును ఆవిడ కళ్లు చికిలించి చూసింది.

"ఏంటండీ ఇది? తోకా?"

"చిలక తోక," అంది వకుళ.

"మరి చిలకేదండీ?"

"అంతా పెడితే మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. కొంచెమే పెడితే అందమని..."

నూకరత్నం ఆ తోకనే కాసేపు చూసింది. తరువాత, తప్పు పట్టినట్టు కాకుండా, ఉన్నమాట చెబుతున్నట్టు అంది: "మీకు బాగానే ఉంటదండీ. మీరిలా చూసి అలా వెళ్లిపోతారు. నేను లేచేదాకా దీన్నే చూడాలి కదా. మిగతా చిలక కూడా ఉంటే కాస్త పొద్దు పోయేది."

"తెస్తాను," అంది వకుళ. ఆ మాట తనే అన్నదని బస్సెక్కాక గాని ఆమెకు తెలియలేదు.

దారి పొడుగునా మనసులో ఆవిడతో వాదం వేసుకుంది. డ్రాయింగు నేర్పేది తనా, ఆవిడా? తెల్లకాగితం మీద ఒక్క గీత చాలు, చూడటం వచ్చినవాళ్లకి. వాదంలో అన్నిసార్లూ తనే నెగ్గింది. అయినా కిటికీ ఊచను గోళ్లతో గీరుతూనే ఉంది. బస్సు దిగి తిన్నగా పెంకుటింటికి వెళ్లి, బుట్ట బోర్లించింది. చాలా కాగితాలు అప్పటికే పొయ్యిలోకి పోయాయి. అడుగున మాత్రం గులాబీరంగు కాగితం ఒకటి నలిగి మిగిలింది. దాన్ని మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో చదును చేసింది. కత్తిరించాలంటే ఇప్పుడు చూడక తప్పదు.

అచ్చు వేసేటప్పుడు రంగు కాస్త పక్కకు జరిగిపోయింది. అందుకని చిలకల కంటిపాపలు ఉండాల్సిన చోట లేవు. ప్రతి చిలకా పక్కదాన్ని ఓరగా, అనుమానంగా చూస్తోంది. కొన్నింటి ముక్కున జామపండు ఉంది, కొన్నింటికి అది జారి రెక్క మీద పడింది. వకుళకు ఆ కాగితం నచ్చలేదు. ఆ గులాబీరంగు అప్పుడూ కంట్లో పొడుస్తూనే ఉంది. కానీ చిలక గోళ్లు తెగిపోకుండా చుట్టూ కత్తిరించాలంటే చేతులు కుదురుగా ఉండాలి. కాసేపటికి అవి కుదురుకున్నాయి. కార్డు తెరిచి కడ్డీకి వేలాడదీస్తే, కింద పడుకున్న మనిషి వైపు చిలక వంగి చూసేలా లోపల ఒక మడత పెట్టింది.

మిగతా కార్డులు కూడా మళ్లీ చేద్దామనుకుని, ఎవరెవరికి ఏది బాగుంటుందా అని వార్డును గుర్తుకు తెచ్చుకోబోయింది. నూకరత్నం తప్ప ఒక్క మొహమూ గుర్తు రాలేదు. అందరి మంచాల దగ్గరా ఆగింది, అందరికీ శుభాకాంక్షలు చెప్పింది. ఒక్కరి మొహమూ లేదు. అప్పుడు లేచి రేవు దాకా వెళ్లింది గానీ, పడవ కోసం చూడలేదు.

మర్నాడు బడి వదలగానే ఆసుపత్రికి పరుగెత్తింది. పాత కార్డు విప్పి కొత్తది కట్టగానే నూకరత్నం ఒక్క క్షణం తెల్లబోయి, తరువాత మంచం ఊగేలా నవ్వింది.

"ఓలమ్మా! దీని చూపు చూడండి! మా తోడికోడలు అచ్చం ఇలాగే చూస్తదండీ!"

పక్క మంచాలవాళ్లు ఏంటి, ఏంటి అని అడగసాగారు. ఒకావిడ తన మంచం దగ్గరికి కూడా తెచ్చి చూపించమంది.

"బాగుందా?" అని అడిగింది వకుళ.

"బాగుండడానికేముందండీ, మెల్లకన్ను చిలక!" అంది నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ. "దారం ఇంకాస్త కిందకి కట్టండి."

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారికి అన్నం వడ్డించింది వకుళ. వడ్డించి వంటింటి కిటికీ వైపు తిరిగి నిలబడటం ఆమెకు అలవాటు. ఆ రోజు ఎందుకో ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. సీతారావమ్మ ప్రతి ముద్దనూ కుడిబుగ్గలోకి తోసుకుని, కళ్లు గట్టిగా మూసి, నమలకుండానే మింగుతోంది.

"పన్ను నొప్పా?"

"ఏం లేదు."

"ఎన్నాళ్లనుంచి?"

ఆవిడ మజ్జిగ కలుపుకుంది. తరువాత, "చలికాలం మొదట్లోంచి," అంది.

"నాకు చెప్పలేదేం?"

"చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావు. ఎందుకు తీసుకెళ్లవూ? తీసుకెళ్లి, ఆ మొహం పెట్టుకుని నా పక్కన కూర్చుంటావు. దానికన్నా ఈ నొప్పే నయమనిపించింది."

వకుళకు జాలి కలగలేదు. ముందు వచ్చింది కోపమే. ఇన్నాళ్లూ గొంతులో ఆపుకున్నది బయటికి తన్నుకొచ్చింది. "ఆ రోజు అంతమందిలో మీరన్న మాటకి నా మొహం ఇంకెలా ఉంటుందనుకున్నారు?"

ముద్ద పళ్లెంలోనే ఆగింది. "అన్నాను," అంది సీతారావమ్మ. "అనలేదని ఎప్పుడన్నాను? దేవుణ్ణి అంటే పలకడు. నా బిడ్డ లేచి రాడు. ఇంకెవరున్నారే నాకు, అనడానికి?"

వకుళ లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. వంటింట్లో డబ్బాలు రెండు మూడు అనవసరంగా తెరిచి మూసింది. చివరికి ఒక లవంగం తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ నోరు తెరిచి దాన్ని నొప్పి పన్ను మీద పెట్టుకుంటుంటే, వకుళ వంగి చూసింది.

తెల్లవారి వకుళ వెళ్లేసరికి పరంజ్యోతిగారు మల్లెపాదుకు నీళ్లు పోస్తున్నారు. జరిగినదంతా చెప్పింది, ఈసారి కూడా నిలబడే. చెప్పి, "ఆ చిలకలంటే నాకు ఇవాళ్టికీ ఇష్టం లేదండీ. అత్తగారన్నా అంతే. నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు," అంది.

"చెప్పలేదు," అని ఒప్పుకున్నారాయన. చెంబులో మిగిలిన నీళ్లు కూడా పాదులో పోసి, అవి ఇంకేదాకా చూశారు.

"ఏ వైపు పన్నమ్మా?"

"ఎడమవైపు, కిందిది. చివరినుంచి రెండోది," అంది వకుళ, తడుముకోకుండా.

"అయితే డాక్టరు చూసేదాకా అన్నం కాస్త మెత్తగా వండు," అన్నారు పరంజ్యోతిగారు.