వెంట్రుకకన్న సన్నని కాలువ

అనగా అనగా ఒక అద్దపు పలకలో, వెంట్రుకకన్న సన్నని కాలువ ఒకటి ఉండేది. ఆ కాలువ ఒడ్డున ఒక గురువూ, ఒక శిష్యుడూ ఉండేవారు.

ఆ పలకను చిప్ అనేవారు. డి.ఎన్.ఏ. పోగును ఆ ఇరుకులోంచి తోస్తే చిన్న చిన్న ముక్కలవుతుంది. ఆ పోగులోని రాతను చదివే అక్కడి యంత్రం ముక్కలనే చదవగలదు. నిడుపాటి పోగు దానికి కొరుకుడు పడదు.

విశాఖ కొండవాలున ఉన్న ఆ ప్రయోగశాలలో గురువు హైమవతి గారు. శిష్యుడు కౌండిన్య. ఓరగా వేసిన తలుపు బయట, బల్ల మీద, ఒక ముసలమ్మ రెండు నెలల ఆడపిల్లను ఒడిలో పెట్టుకొని కూర్చుని ఉంది. ఆ బిడ్డకు ముందు పుట్టిన ఇద్దరూ ఏ జబ్బో తెలియకుండానే పోయారు. ఈ పసికందు ఒంటి నుంచి ఇక ఒక్క చుక్క రక్తమూ తీయరాదని వైద్యులు చెప్పారు.

కౌండిన్య అటు వెళ్ళినప్పుడల్లా ఆమె ఒడిలోని బిడ్డను చూపి అడిగేది.

“బాబూ, మా గుంట రాత సదివేరా?”

“చదువుతాం అమ్మా.”

ఆనాడు అతడు, ఉన్న కొద్ది రక్తం నుంచి తీసిన డి.ఎన్.ఏ. ద్రవాన్ని గురువుకు చూపించాడు. గొట్టం మూతి నుంచి అది తీగపాకంలా సాగింది.

“ఒక్క పోగూ తెగలేదు మేడం! ఇంత నిడివి ఇక్కడ ఎవరికీ రాలేదు.”

“చదివావా?”

“రేపు ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు కదా. వాళ్ళకి చూపించాక...”

ఆవిడ ఆ ద్రవమంతా సిరంజిలోకి లాగి, చిప్‌కు తగిలించి, నొక్కారు.

“మేడం! మొత్తమా? ఇంక లేదు మేడం!”

కౌండిన్య ఆవిడ చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు. కాలువ అవతలి కొసన చుక్కలు పడుతున్నాయి. ఇప్పుడవి సాగడం లేదు. నీళ్ళలా రాలుతున్నాయి.

“తునకలు చేసేశారు,” అన్నాడు.

“చిన్నప్పుడు నీకు పద్యం నేర్పిన మాస్టారు ముందుగా ఏమనేవారు, కౌండిన్యా?”

అతడు రాలుతున్న చుక్కల వైపు చూశాడు.

“విరిచి చదవమనేవారు.”

తలుపు అవతల బిడ్డ ఏడ్చింది. అతడు చుక్కలు పట్టిన గొట్టాన్ని రెండు చేతులా ఎత్తుకొని యంత్రం వైపు నడిచాడు.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ పైడితల్లమ్మ. ఆనాడు బల్ల మీద కూర్చున్నది ఆమె. ఒడిలో ఉన్నది నేను.