బోర్లాపడిన పడవ

"అట్ట మీద బొమ్మ కథ చెప్పకపోతే ఇంక బొమ్మ దేనికండీ?" అని వకుళ గురువుగారిని అడిగింది. అడిగింది అనడం మర్యాద కోసం. నిజానికి అరిచింది.

అరవదూ మరి! రాజమండ్రిలో ఆ ప్రెస్సు మేడ మీద గదిలో, ముఖచిత్రాలు గీసే గవర్రాజుగారి దగ్గర మూడేళ్ళుగా కుంచెలు కడుగుతోంది. ఇన్నాళ్ళకి ఒక నవల అట్ట ఆమె చేతికొచ్చింది. లోపలి పేజీలో 'ముఖచిత్రం: వకుళ' అని పడుతుంది. నాలుగు బొమ్మలు గీసింది. నాలుగింటికీ ఆయన అన్నది "కాదు" అన్న ఒక్క మాటే. అయిదోది ఆమె ప్రాణం పెట్టి గీసింది. వరద గోదావరి, ఒడ్డున బోర్లాపడిన పడవ, దాని కొక్కేనికి చిక్కుకున్న ఎర్ర తువ్వాలు. దానికీ "కాదు" అన్నాడా పెద్దమనిషి. సాయంత్రం ఆరింటికల్లా అట్ట మిషనెక్కకపోతే పబ్లిషరు ఏదో పాత బొమ్మ వేసేసుకుంటాడు. వకుళకి ఒళ్ళు మండిపోయింది.

గవర్రాజుగారు మెట్ల దగ్గరికి వెళ్ళి, కింద ఫారాలు మడతపెట్టే నూకాలమ్మని కేకేశారు. అచ్చయిన కాగితాలని పదహారేసి పేజీలుగా మడవడం ఆవిడ పని. మడుస్తూ చదవడం ఆవిడ అలవాటు. ఈ నవలవి పదకొండు ఫారాలు ఆవిడ చేతిమీదుగా వెళ్ళాయి. ఆఖరి మూడూ ఇంకా మిషను దిగలేదు.

నూకాలమ్మ వచ్చి బొమ్మ ముందు నిలబడింది. ఆవిడ కళ్ళు ఆ ఎర్ర తువ్వాలు దగ్గర ఆగిపోయాయి. ఆ చూపు చూసి వకుళకి గర్వమొచ్చింది. "నేనే గీశాను" అంది, గురువుగారికి వినబడేలా.

"అయితే ఆడింక రాడన్నమాట" అంది నూకాలమ్మ. మరుక్షణం మండిపడింది. "మూడ్రోజుల్నించీ ఆ పడవోడు వత్తాడు, పెళ్ళాం మొహం సూత్తాడని ఎదురు సూత్తన్నాను. అన్నం సయించట్లేదు నాకు. రాసినాయన కడదాకా కడుపులో దాసుకున్న మాట, నువ్వెవత్తివే అట్ట మీదే అనెయ్యడానికి?"

విసురుగా మెట్లు దిగిపోయింది. కింద ఎవరితోనో, ఆ మిగిలిన మూడు ఫారాలూ తను ముట్టుకోననీ, ఇంకెవరిచేతనైనా మడతపెట్టించుకోమనీ చెప్పడం మేడ మీదికి వినబడింది.

వకుళ మొహం జేవురించింది. కాగితాలు మడిచే మనిషి తనని అంత మాట అంటుందా! తిట్టించడానికే పిలిపించిన ఈయన్ని ఏమనాలి! బొమ్మని రెండుగా చింపింది, మళ్ళీ నాలుగుగా చింపింది. చింపుతుంటే ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలిసొచ్చింది. నవల రాతప్రతి మొదటిసారి చదివినప్పుడు ఆ ఆఖరి పేజీ దగ్గర తనూ ఏడ్చింది. ఆ ఏడుపునే ఊరందరికీ ముందుగా పంచిపెట్టబోయింది.

"నాలుగైంది" అంది, ఇంకా కోపంగానే. "ఇప్పుడేం గియ్యమంటారు?"

గవర్రాజుగారు కొత్త కాగితం తీసి బల్ల మీద పరిచారు.

"ముందు కిందికెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పు. తర్వాత అడుగు, ఆ పడవ వస్తుందనుకున్నన్నాళ్ళూ ఆవిడ కళ్ళకి ఏం కనబడిందో."