ఓబులేసు నమిలిన వేపాకు

దానియేలును ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. ఆయన దగ్గర అంబులెన్సు పని నేర్చుకున్నవాళ్లంతా ధర్మసందేహాలు తీరకుండానే స్ట్రెచరు తుడవడంలో ఆరితేరారు. కొత్తగా చేరిన ప్రవల్లిక కూడా ఒక పొద్దున అడిగింది. “సార్, రోగి మనల్ని నమ్మి చెప్పింది బయటపెడితే ఊరంతటికీ మేలు జరుగుతుందనుకోండి. అప్పుడు కూడా నోరు మూసుకోవాలా?”

“ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉందేమో చూడమ్మా” అన్నాడు దానియేలు.

ఆమె చూసేలోపే ఫోను మోగింది. గుండ్లవాగుపల్లెలో పాముకాటు. ఊరి పేరు వినగానే ప్రవల్లిక మొహం మాడిపోయింది. కిందటేడు పత్తి తీసే రోజుల్లో ఆమె మేనమామ కూతుర్ని పాము కరిస్తే, ఆ ఊరి మంత్రగాడు ఓబులేసు అరుగు మీదే పడుకోబెట్టారు. ఆయన సాయంత్రం దాకా మంత్రం వేశాడు. ఆస్పత్రికి తెచ్చేసరికి పిల్ల లేదు.

ఓబులేసు వైద్యమంతా వేపాకులో ఉంది. కాటుపడ్డవాళ్ల చేత ఆకు నమిలిస్తాడు. చేదుగా ఉందంటే విషం ఎక్కలేదని, చప్పగా ఉందంటే ఎక్కిందని ఆయన శాస్త్రం. పాముల్లో చాలావాటికి విషముండదు కాబట్టి ఆ శాస్త్రం చాలాసార్లు గెలిచేది. ఓడినప్పుడు బాధ్యత తలరాతది.

గుండ్లవాగుపల్లెలో ఎవరింట్లో పాలు విరిగినా ఇంటివాళ్లకంటే ముందు వీధికి తెలుస్తుంది. ఇక ఇది పాముకాటు. బండి వెళ్లేసరికి ఓబులేసు ఇంటి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. పొయ్యి మీద ఎసరు వదిలేసి వచ్చినవాళ్లున్నారు, జొన్న కోతకు బయల్దేరి కొడవలితోనే నిలబడిపోయినవాళ్లున్నారు. ప్రెసిడెంటు గారైతే కుర్చీ తెప్పించుకున్నాడు. ఎందుకంటే పాము కరిచింది ఓబులేసునే. గడ్డివాములో చెయ్యి పెడితే నాగుపాము కాటేసింది. ఇంతకాలం ఊరికి వేసిన మంత్రం తనకు తాను ఎలా వేసుకుంటాడా అని ఊరు ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఫోను చేసింది ఆయన భార్య సుంకులమ్మ. ఆయన మంత్రం మీద ఊరందరికీ నమ్మకముంది, కాపురం చేసిన మనిషికి తప్ప.

ఓబులేసు అరుగు మీద కూర్చుని ఆకు నములుతూ, మహా చేదుగా ఉందని ప్రకటిస్తున్నాడు. రెప్పలు మాత్రం సగానికి వాలిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. బండి ఎక్కనే ఎక్కనంటున్నాడు. మంత్రగాడే బండెక్కితే ఇక ఆ గడప ఎవరు తొక్కుతారు? సుంకులమ్మ ఏడుస్తూ తిడుతోంది, తిడుతూ ఏడుస్తోంది. జబ్బలు పట్టి ఎత్తి పడేయమని ప్రెసిడెంటు సలహా ఇచ్చాడు, కుర్చీలోంచి లేవకుండా.

దానియేలు ఎవరి జబ్బా పట్టలేదు. దారిలో కాన్పు వస్తే చేసినట్టు చుట్టూ చీరలు అడ్డం పట్టమని ఆడవాళ్లను అడిగాడు. పట్టారు. మొహాలు బయటికి తిప్పి, చెవులు లోపలే ఉంచారు. ఆయన ఓబులేసు చెవి దగ్గరికి వంగాడు.

“పెద్దాయనా, నువ్వు రానంటే బలవంతం చెయ్యను. కానీ ఇక్కడే ఉంటే ఊపిరి ఆగిపోతుంది. నిజం చెప్పు, చేదుందా?”

ఓబులేసు నమలడం ఆపాడు. ఆయన చెయ్యి కదలకుండా చెక్క కడుతున్న ప్రవల్లికకు ఆ గుసగుస వినబడింది.

“మట్టి నమిలినట్టుంది నాయనా. ఎవురికీ చెప్పొద్దు. ఎత్తుకో.”

చీరలు తొలిగాయి. స్ట్రెచరు కదలగానే జనం మీదపడ్డారు. లోపల ఏమన్నాడని ఒకరు, మంత్రం పారలేదా అని ఒకరు, అసలది పామేనా అని ఇంకొకరు. ఊరు ఊరంతా ప్రవల్లిక ఎదురుగా ఉంది. ఒక్క మాట చాలు, ఇక ఈ అరుగెవరూ ఎక్కరు, ఇంకో పిల్ల పోదు. ఆమె నోరు తెరిచింది. దానియేలు ఆమె చేతిలో ఊపిరి కొట్టే బ్యాగు పెట్టి జనం వైపు తిరిగాడు. “ఆయన సంగతి ఆయన్నే అడగండి, తిరిగొచ్చాక.”

వాగు దాటకముందే ఓబులేసు ఛాతీ లేవడం మానేసింది. ప్రవల్లిక మాస్కు మొహానికి అదిమి బ్యాగు నొక్కింది. వదిలింది, మళ్లీ నొక్కింది. బండి గుంటల్లో ఎగిరెగిరి పడుతోంది. డ్రైవరు అడ్డొచ్చిన గేదెల్నీ వాటిని తోలేవాణ్నీ కలిపి ఒకే తిట్టు తిడుతున్నాడు. మేనమామ కూతుర్ని పొట్టన పెట్టుకున్నవాడి ఊపిరి ఇప్పుడు తన గుప్పిట్లో ఉందని ఆమెకు తోచింది. తోచినా చెయ్యి ఆగలేదు. ఆగుతుందేమోనని దానియేలు అటు చూడనూ లేదు. ఆస్పత్రి గుమ్మం దాకా ఆమే ఊపిరి పోసింది. లోపల విరుగుడు మందు ఎక్కింది. ఓబులేసు బతికాడు.

బతికి ఊరికి వచ్చినవాడు నిజం చెప్పాడా? ఆ పాము వేరే జిల్లాదని, మన మంత్రం దానికి అర్థం కాలేదని చెప్పాడు. ఊరు నమ్మింది. ఆ కబురు తెలిశాక ప్రవల్లిక దానియేలుతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

వానలు పడ్డాక అదే ఊరి నుంచి మళ్లీ ఫోను. ఈసారి చేసింది ఓబులేసు. వేరుశనగ చేలో కలుపు తీస్తుంటే నాగరత్న అనే కూలీని పాము కరిచిందట. వీళ్లు వెళ్లేసరికి ఆమె కాలికి చెక్క కట్టి, కదలనివ్వకుండా పడుకోబెట్టి, పక్కన కూర్చుని పెదవులు కదుపుతున్నాడు. మంత్రమే. ఆమె నోట్లో ఆకు మాత్రం లేదు. ముందు బండెక్కల్ల, సూది పడినాకనే నా మంత్రం పారేది అని చుట్టూ ఉన్నవాళ్లను గద్దిస్తున్నాడు. అందరూ బండికి దారిచ్చారు. ఓబులేసు చెప్పాక ఆ ఊళ్లో ఇంకేముంది?

నాగరత్నను ఎక్కిస్తుంటే ఆయన ప్రవల్లిక పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. “ఆ పొద్దు నువ్వు నోరు తెరిచింది చూసినా పాపా. చెప్పింటే, ఈయమ్మను పక్కూరి మంత్రగాని కాడికి ఎత్తకపోయిందురు.”

ప్రవల్లిక స్ట్రెచరు పట్టీ బిగించింది. మేనమామ కూతుర్ని ఆమె మరిచిపోలేదు.

బండి కదిలింది. నాగరత్న కళ్లు తేటగా ఉన్నాయి, ఊపిరి బాగానే ఆడుతోంది. ఇన్నాళ్లూ పని మాటే మాట్లాడిన ప్రవల్లిక ఇక ఉండబట్టలేక అడిగింది. “ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా సార్?”

“తెలీదు” అన్నాడు దానియేలు. “మేలు జరుగుతుందని తెలిసి నోరు మూసుకుంటే అది నమ్మకం నిలపడం కాదు, బేరమవుతుందమ్మా.”