ఎవరూ ఆపని రోడ్డు

దొరబాబుకి జాలి ఎక్కువ. జాలి మంచిదే గానీ, దానికి ఊరికే నిలబడటం చేతకాదు.

అంధుల బడిలో పని నేర్చుకోడానికి వచ్చాడతను. చూపున్నవాడు. బ్రెయిలీ తరగతిలో ఎవరి వేలైనా చుక్కల మీద తడబడితే చాలు, తనే ఆ వేలు పట్టుకుని సరైన అక్షరం మీద పెట్టేవాడు. పిల్లలు చదివేశారనుకుని సంతోషించేవాడు. పాపం, పిల్లలూ అలాగే అనుకునేవారు.

అతనికి పని నేర్పేది ఎస్తేరమ్మ టీచరు. పుట్టుగుడ్డి. ఆ మాట ఆవిడే అంటుంది, మనం నసిగితే విసుక్కుంటుంది. పిల్లలకి అక్షరాలూ, కర్రతో నడకా ముప్పై ఏళ్లుగా నేర్పుతోంది.

మంగతాయారు అనే పిల్లకి చిన్న వీధులన్నీ ఆవిడే నేర్పింది. బళ్ల చప్పుడు వినడం, వాటి మధ్య సందు దొరికేదాకా ఆగడం, కర్ర పైకెత్తి చూపించి అడుగెయ్యడం. ఇక మిగిలింది బడి ముందున్న పెద్ద రోడ్డు. కాలేజీ బస్సు దానికి అవతల ఆగుతుంది. సరిగ్గా అప్పుడే ఎస్తేరమ్మకి మోకాలు వాచింది. ఆ రోడ్డు నేర్పే పని దొరబాబుకి అప్పజెప్పింది.

నెల తిరక్కుండానే పిల్ల ఒక్కతీ దాటేస్తోందని దొరబాబు చెప్పాడు.

మంగతాయారు తండ్రి వీరాస్వామి కొబ్బరిచెట్లెక్కి కాయల దింపులు తీసే మనిషి. "ఆ రోడ్డు మా పిల్ల ఒక్కతీ దాటితే కాలేజీకి పంపుతానండి. లేదంటే ఇంటికి తీసుకుపోతాను. ఉన్న ఒక్క పిల్లనీ లారీ కింద పెట్టలేను" అని ఖరాఖండిగా చెప్పేశాడు. అతన్ని తప్పు పట్టడానికేముంది? అవతలి వైపు బస్సు దిగి, షెల్టరు దగ్గరే నిలబడి చూడాలని, కూతుర్ని పిలవకూడదని ఒప్పందం.

అతను వస్తానన్న రోజు వచ్చింది. బస్సు రాకముందే ఎస్తేరమ్మ మోకాలికి గుడ్డ చుట్టుకుని, కుంటుకుంటూ రోడ్డు దాకా వచ్చింది.

"ఒకసారి దాటి రా అమ్మా. వింటాను."

మంగతాయారు దాటింది. తిరిగి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఎస్తేరమ్మ మొహం మాత్రం గట్టిపడింది.

"దొరబాబూ, ఇన్నేళ్లలో నాకోసం ఒక్క లారీ ఆగలేదయ్యా. ఈ పిల్లకి రెండు వైపులా బ్రేకులు పడ్డాయేంటి?"

దొరబాబు చెప్పులు ఒకడుగు వెనక్కి జరిగాయి.

"నీ చెప్పుల చప్పుడు పిల్లకంటే ముందే నడిరోడ్డుకి ఎందుకెళ్లింది?"

అప్పుడు చెప్పాడు. మొదటి రోజు నుంచీ తనే ముందుగా వెళ్లి, చేతులు చాచి బళ్లు ఆపుతున్నాడు. పక్కనే ఉంటానని పిల్లకి చెప్పాడు గానీ, ఇది చెప్పలేదు.

మంగతాయారు అంతా వింది. "అయితే ఇన్నాళ్లూ నేను దాటలేదన్నమాట" అంది.

అంతలో అవతల బస్సు ఆగింది. వీరాస్వామి దిగాడు. చేతిలో ఖాళీ సంచీ ఉంది, కూతురి బట్టలు సర్దుకోడానికి.

దొరబాబు గొంతు తగ్గించి బతిమాలాడు. "టీచరు గారూ, ఇవాళొక్క రోజు బళ్లు ఆపనివ్వండి. ఆ మలుపు దగ్గర నిలబడతాను, ఆయనకి కనబడను. తర్వాత సరిగ్గా నేర్పుతానండి. లేకపోతే పిల్ల చదువు పోతుంది."

"రేపు ఏ మలుపు దగ్గర నిలబడతావు?"

ఎస్తేరమ్మ పిల్ల వైపు తిరిగింది.

"ఇవాళ ఎవరూ ఆపరమ్మా. చిన్న రోడ్ల మీద నేర్పిందే ఇక్కడా. చప్పుడు పెద్దది, అంతే. ఎంతసేపు నిలబడ్డా ఫరవాలేదు. వద్దనుకుంటే వెనక్కి వచ్చెయ్, మీ నాన్నతో నేను మాట్లాడతాను. వెళ్తావా?"

మంగతాయారు కాసేపు రోడ్డు వింది.

"వెళ్తానండి. ఈయన్ని మాత్రం కదలనివ్వకండి."

ఎస్తేరమ్మ తడుముకుని దొరబాబు మణికట్టు దొరకబుచ్చుకుంది. "కళ్లు మూసుకో" అంది.

మూసుకున్నాడు. రోడ్డంతా వచ్చి మీద పడినట్టయింది. లారీ, ఆటో, మళ్లీ లారీ. ఏది వస్తోందో, ఏది పోతోందో తెలియలేదు. కాస్త నిశ్శబ్దం చిక్కింది. ఇప్పుడు వెళ్లొచ్చు కదా అనుకున్నాడు. కర్ర చప్పుడు కాలేదు. మరుక్షణం ఎటునుంచో బస్సు దూసుకుపోయింది. తనైతే ఆ సందులో అడుగేసేవాడే.

ఇంకో సందు వచ్చింది. పిల్ల దాన్నీ వదిలేసింది.

తర్వాత కర్ర తారు మీద పడింది. టక్. టక్.

నడిరోడ్డు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. రాంగ్ రూట్లో ఒక మోటారు సైకిలు హారను కొట్టుకుంటూ వస్తోంది. దొరబాబు నోరు తెరిచాడు.

"అరవకు" అంది ఎస్తేరమ్మ. "అరిస్తే పిల్ల నీ వైపు తిరుగుతుంది."

మణికట్టు మీద పట్టు బిగిసింది. బండి రయ్యిమని వెళ్లిపోయింది. ఆ తర్వాత కర్ర చప్పుడు వినబడలేదు. దొరబాబు కళ్లు తెరిస్తే తెలిసిపోతుంది. తెరవలేదు.

అవతల షెల్టరు ఇనప స్తంభానికి కర్ర తగిలి ఖంగుమంది.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు వీరాస్వామి.

దొరబాబు కళ్లు తెరిచాడు. వీరాస్వామి ఖాళీ సంచీని మడిచి చంకలో పెట్టుకుంటున్నాడు. దొరబాబు తన చెయ్యి చూసుకున్నాడు. మణికట్టు మీద ఎస్తేరమ్మ గోళ్లు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"మీకూ భయమేసిందా టీచరు గారూ?"

"ఎందుకెయ్యదయ్యా? ఏ పిల్ల దాటినా వేస్తుంది. కర్ర వాళ్లు పట్టుకుంటారు. భయం మనం పట్టుకోవాలి."

అవతల కర్ర మళ్లీ తారు మీద పడింది. పిల్ల తిరిగి వస్తోంది.

దొరబాబు కళ్లు మూసుకుని, తన మణికట్టు ఆవిడ చేతికి అందించాడు.